మోటార్‌సైకిల్ విప్పి చూసిన కుర్రాడు: జి.డి. నాయుడు



మార్చి వచ్చింది. పరీక్షలున్న ఇళ్లలో టీవీ రిమోట్ ఇప్పటికే బీరువా మీదికి ఎక్కి ఉంటుంది. ఇలాంటి రోజుల్లో మీ అబ్బాయో, అమ్మాయో పుస్తకం పక్కన పెట్టి, ఆగిపోయిన గోడ గడియారాన్ని విప్పి, స్క్రూలు మంచం మీద పరుచుకుని కూర్చుంటే మీకు కోపం వస్తుంది. రావడం సహజమే. ఆ కోపం మాటగా మారకముందు, ఈ నెల 23న జయంతి ఉన్న ఒక పెద్దమనిషి జీవితం మీకు చెప్పాలని ఉంది.

ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. భారతదేశపు ఎడిసన్ అని పిలిచేవారు. తమిళనాడులో కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల ఇంట, కలంగల్ అనే పల్లెలో 1893 మార్చి 23న పుట్టారు. మన దగ్గర ఆయన పేరు విన్నవారు తక్కువ. కానీ మీ ఊళ్లో పొలానికి నీళ్లు తోడే మోటారు, మీ వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండర్ ఏ ఊరి నుంచి వచ్చాయో ఒకసారి వాటి మీద రాసింది చూడండి. కోయంబత్తూరు అని ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఊరికి మోటార్ల ఊరిగా పేరు రావడంలో ఆయనది పెద్ద పాత్ర.

బడి పట్టని పిల్లవాడు

దొరస్వామి తండ్రి రైతు. తల్లి చిన్నతనంలోనే పోయింది. పిల్లవాడికి బడి అస్సలు పట్టలేదు. అల్లరికి మాస్టర్లు విసిగిపోయారు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. పొలం పనులు చేస్తూ, దొరికిన పుస్తకాలు తనంతట తనే చదువుకున్నాడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బడి మానేయడం వల్ల ఆయన గొప్పవాడు కాలేదు. ఆ కాలంలో ఆయనలాగే బడి మానేసిన వేలమంది పిల్లలు ఏమయ్యారో ఎవరూ రాసిపెట్టలేదు. బడి ఇవ్వలేనిది ఆయనకు ఇంకోచోట దొరికింది. ఆ ఇంకోచోటు ఏమిటన్నదే ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి.

ఒక బండి, కొన్ని వందల రూపాయలు

ఒకరోజు ఊరి దారిలో ఒక ఇంగ్లిష్ అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద వెళ్లడం ఆ కుర్రాడు చూశాడు. ఎద్దులు లేకుండా, గుర్రం లేకుండా దానంతట అది పరిగెత్తే బండి! దాన్ని ఎక్కి తిరగాలని అందరికీ అనిపిస్తుంది. ఇతనికి అది ఎలా తిరుగుతోందో తెలుసుకోవాలనిపించింది.

డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్‌లో సర్వర్‌గా చేరాడు. బల్లలు తుడిచి, వడ్డించి, రూపాయి రూపాయి కూడబెట్టాడు. కొన్నేళ్లకు కొన్ని వందల రూపాయలయ్యాయి. ఆ డబ్బుతో మోటార్‌సైకిల్ కొన్నాడు. కొన్న తర్వాత చేసిన పని, బండిని పూర్తిగా విప్పేయడం. ఏ ముక్క ఎక్కడిదో చూసుకుని మళ్లీ బిగించాడు. బండి నడిచింది. మెకానిక్‌గా ఆయన చదువు అక్కడ మొదలైంది.

ఈ ఘట్టాన్ని మీరు తల్లిదండ్రులుగా ఇంకోసారి చూడండి. కొన్నేళ్ల కష్టార్జితం నేల మీద ముక్కలుగా పడి ఉంది. అది మళ్లీ కూడకపోతే? ఆ భయం ఆయనకూ ఉండే ఉంటుంది. కానీ అది ఆయన సొంత డబ్బు, సొంత వస్తువు. నష్టం వచ్చినా తనదే. అందుకే ప్రతి ముక్కనూ జాగ్రత్తగా చూశాడు.

ఒక బస్సుతో మొదలు

తర్వాత అన్నీ సాఫీగా సాగలేదు. పత్తి వ్యాపారంలోకి దిగి, ముంబై దాకా వెళ్లి, సంపాదించింది పోగొట్టుకుని తిరిగొచ్చాడు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే వ్యాపారి ఆయన మీద నమ్మకం పెట్టి సాయం చేయడంతో 1920లో ఒక బస్సు కొన్నాడు. పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య దాన్ని తనే నడిపాడు. బస్సు ఆగిపోతే బాగుచేసే చేయి కూడా తనదే. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అన్న పేరుతో సాగిన ఆ సంస్థకు 1933 నాటికి 280 బస్సులున్నాయి.

బస్సుల ఆదాయం ఆయనకు ఒక స్వేచ్ఛ ఇచ్చింది. ఇక ఏ వస్తువునైనా విప్పి చూడవచ్చు.

బల్ల మీద పుట్టిన వస్తువులు

ఆ రోజుల్లో మన దేశానికి ఎలక్ట్రిక్ మోటార్లు విదేశాల నుంచి వచ్చేవి. 1937లో కోయంబత్తూరు పక్కన పీలమేడులో, డి. బాలసుందరం నాయుడుతో కలిసి, నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి మోటారుగా దానికి పేరు.

మోటారు రహస్యం ఏమిటో మన ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గండిమైసమ్మ నుంచి బాలానగర్ వైపు వెళ్తుంటే, జీడిమెట్ల చుట్టుపక్కల వైండింగ్ షాపులు మీరు చూసే ఉంటారు. మీలో కొందరి పని కూడా అదే కావచ్చు. కాలిపోయిన మోటారు వస్తే మంచి వైండర్ దాన్ని ముందే కోసి పారేయడు. ఏ గాడిలోంచి ఏ గాడిలోకి తీగ వెళ్లిందో చూస్తాడు. ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడతాడు. రాగి తీగ మందం కొలుస్తాడు. ఆ మూడూ కాగితం మీద రాసుకున్నాకే కొత్త తీగ చుడతాడు. పాడైన వస్తువే అతనికి పాఠ్యపుస్తకం. నాయుడుగారు జీవితమంతా చదివింది ఆ పుస్తకాన్నే.

బ్యాటరీలతో, చిన్న మోటారుతో నడిచే రాసంట్ అనే గడ్డం గీసుకునే యంత్రం ఆయనదే. యూరప్‌లో వచ్చిన తొలి ఎలక్ట్రిక్ రేజర్లలో దాన్ని ఒకటిగా చెబుతారు. అతి పలచని బ్లేడ్లు, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, ఓట్లు నమోదు చేసే యంత్రం... జాబితా పెద్దది. కెమెరా అన్నా అంతే ఇష్టం. 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా చిత్రీకరించారు.

ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టమున్న పిల్లలకు చెప్పాల్సింది ఆయన రేడియో సంగతి. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే మన దేశంలో తయారుచేయగలనని ఆయన ప్రకటించారు. ఐదు వాల్వులంటే ఏమిటని మీ పిల్లలు అడిగితే ఇలా చెప్పండి. అలాంటి రేడియోల్లో మామూలుగా మొదటి వాల్వు స్టేషన్ నుంచి వచ్చిన తరంగాన్ని తక్కువ ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది. రెండోది దాని బలం పెంచుతుంది. మూడోది అందులోంచి మాటనూ పాటనూ విడదీస్తుంది. నాలుగోది స్పీకర్‌ను కదిలించేంత శక్తి ఇస్తుంది. ఐదోది ఇంటి ఏసీ కరెంటును డీసీగా మారుస్తుంది. ఐదుగురు మనుషులు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకున్నట్టే. మీ అమ్మానాన్నల ఇంట్లో పాత వాల్వు రేడియో ఉంటే, వెనక అట్ట సందులోంచి ఆ గాజు బుడ్లు ఎర్రగా వెలగడం మీకూ గుర్తుండవచ్చు.

1952లో రెండు వేల రూపాయలకు అమ్మగలిగే ఇద్దరు కూర్చునే చిన్న కారును సిద్ధం చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అది రోడ్డెక్కలేదు. చేతిలో పనితనం ఉన్నా అన్ని తలుపులూ తెరుచుకోవని ఆయనకు పదే పదే తెలిసొచ్చింది. అయినా 1967లో, డెబ్బై దాటిన వయసులో, పునాది నుంచి మొదలుపెట్టి 11 గంటల్లో ఒక ఇల్లు కట్టించి చూపారు.

బడి మానేసిన మనిషి కాలేజీ పెట్టారు

ఈ కథలో అన్నిటికంటే ఆశ్చర్యం ఇదే. ప్రాథమిక చదువు దాటని ఆ మనిషి బడి మీద పగ పెంచుకోలేదు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ రావడానికి ముఖ్య కారకుడయ్యారు. 1945లో మొదలైన ఆ ఇంజినీరింగ్ కాలేజీయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. దానికి ప్రిన్సిపాల్‌గానూ ఉన్నారు. అయితే నాలుగేళ్ల కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తోందని, తక్కువ కాలంలో పని నేర్పవచ్చని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు.

ఆయన వాదన పూర్తిగా సరైనదేనా అంటే ఆలోచించాల్సిందే. వంతెన కట్టేవాడికి, వైద్య పరికరం తయారుచేసేవాడికి గణితం లోతుగా తెలియాలి. అది చేతులతో మాత్రమే రాదు. కానీ నాలుగేళ్లు చదివి స్క్రూడ్రైవర్ పట్టని ఇంజినీరు ఎవరికి పనికొస్తాడన్న ఆయన బాధ ఇప్పటికీ పాతబడలేదు. మార్కులు లెక్కపెట్టే మా లాంటి బడులకూ ఆ ప్రశ్న వర్తిస్తుంది.

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన వస్తువులతో ప్రదర్శనశాల ఉంది. సెలవుల్లో ఊటీ వెళ్లేవారు దారిలో ఒక పూట పిల్లలకు చూపించండి.

మీ ఇంట్లో ఒక చిన్న బల్ల

పరీక్షలయ్యాక ఇంట్లో ఒక మూల పిల్లలకు ఇవ్వండి. ఒక స్క్రూడ్రైవర్ సెట్, ఒక మల్టీమీటర్, ఒక పాత చాప చాలు. ఎల్ఈడీలు, రెసిస్టర్ల వంటి చిన్న భాగాలు కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీకి వాళ్లనే తీసుకెళ్లండి. షాపులో అడిగి కొనడం కూడా చదువే.

పని చేయని రిమోట్‌తో మొదలుపెట్టవచ్చు. కొత్త సెల్స్ వేసి, రిమోట్ ముందున్న బల్బును సెల్‌ఫోన్ కెమెరాలో చూస్తూ బటన్ నొక్కమనండి. కంటికి కనిపించని వెలుగు చాలా ఫోన్లలో తెరమీద మెరుస్తుంది. మెరిస్తే రిమోట్ బాగానే ఉంది, టీవీ వైపు చూడాలి. మెరవకపోతే విప్పి, బటన్ల కింది మురికి తుడవాలి. తప్పు ఎక్కడుందో ముందు కనుక్కుని, తర్వాతే చేయి పెట్టడం అనే పద్ధతి ఈ ఒక్క పనితో అలవాటవుతుంది.

కొన్ని హద్దులు మాత్రం మీరే గీయాలి. బ్యాటరీతో నడిచేవే పిల్లల చేతికివ్వండి. 230 వోల్టుల ప్లగ్గుకు పెట్టేవి వాళ్లంతట వాళ్లు ముట్టకూడదు. మైక్రోవేవ్ ఓవెన్, పాత డబ్బా టీవీ ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన కరెంటు నిల్వ ఉంటుంది, వాటిని తెరవనివ్వకండి. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీని గుచ్చకూడదు. సోల్డరింగ్ చేస్తే కిటికీ తెరిచి, మీరు పక్కన కూర్చుని, అయ్యాక చేతులు కడిగించండి.

విప్పే ప్రతి వస్తువుకూ ఒక నియమం పెట్టండి. విప్పుతున్నప్పుడు వరుసగా ఫొటోలు తీయాలి, స్క్రూలు గిన్నెలో వేయాలి, తిరిగి బిగించాకే లేవాలి. బాగుపడకపోయినా ఫర్వాలేదు, ఎందుకు బాగుపడలేదో మీకు చెప్పగలగాలి. అలా చెప్పగలిగిన రోజు, మంచం మీద స్క్రూలు చూసి మీకు వచ్చే కోపం కాస్త తగ్గుతుందని మా నమ్మకం.