ఆనందీబాయి పెట్టుకున్న అర్జీ

మెడికల్ సీటు కావాలంటే ఇప్పుడు నీట్ ర్యాంకు చూస్తారు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావమ్మా అని అడిగేవాళ్లు ఉండరు. గైనకాలజీయా, పిల్లల వైద్యమా అన్న ఆలోచన ఎంబీబీఎస్ అయ్యాకే. ఆనందీబాయి జోషి మాత్రం ఏ వైద్యం చేయాలో ముందే తేల్చుకుంది. కాలేజీని ఆ తర్వాత వెతుక్కుంది. మన దేశం నుంచి వెళ్లి అమెరికాలో డాక్టరు పట్టా తెచ్చుకున్న తొలి మహిళ అని ఆమె గురించి చిన్నప్పుడు మనందరం చదువుకున్నదే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ పట్టా కాదు, దానికోసం ఆమె పెట్టుకున్న అర్జీ.

1865 మార్చి 31న కల్యాణ్‌లో పుట్టింది. పుట్టింటి పేరు యమున. తొమ్మిదేళ్లకే పెళ్లి చేశారు. వరుడు గోపాలరావు తపాలా శాఖలో గుమాస్తా, మొదటి భార్య పోయినవాడు, వయసులో చాలా పెద్ద. పద్నాలుగేళ్లకు కొడుకు పుట్టాడు. పది రోజులే బతికాడు. ఆడడాక్టర్లు లేని రోజులవి. మగడాక్టరు చేయి పట్టుకుని నాడి చూడటానికి కూడా చాలామంది ఆడవాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. ప్రసూతి వైద్యం నేర్చుకోవాలన్న పట్టుదల ఆ బిడ్డ పోయాకే ఆమెలో గట్టిపడింది.

భార్యను చదివించిన ఆదర్శ భర్త అని గోపాలరావును పొగుడుతారు. చదివించాడు, నిజమే. కొట్టి చదివించాడు. చిన్నప్పుడు తిన్న దెబ్బలు, తన మీదికి విసిరిన కుర్చీలు, పుస్తకాలు ఆమె మరిచిపోలేదు. అమెరికా వెళ్లాక ఆయనకే రాసిన ఉత్తరంలో అవన్నీ గుర్తుచేసింది. ఆ సంగతి దాటేసి ఆయనకు హారతి పట్టడం నాకు నచ్చదు. అలాగని ఆయన్ని తీసేస్తే ఈ కథే లేదు.

భార్యను అమెరికాలో చదివించాలని గోపాలరావు అక్కడి మిషనరీ వైల్డర్‌కు రాశాడు. మతం మారితే సాయం చేస్తామన్నట్టు జవాబొచ్చింది. దంపతులు ఒప్పుకోలేదు. అయితే ఆ ఉత్తరాలు అక్కడి పత్రికలో అచ్చయ్యాయి. న్యూజెర్సీలోని రోసెల్ ఊరి గృహిణి థియోడీషియా కార్పెంటర్ దంతవైద్యుడి దగ్గర తన వంతు కోసం కూర్చుని ఆ పత్రిక తిరగేసింది. ముక్కూ మొహం తెలియని అమ్మాయికి 1880లో ఉత్తరం రాసింది. ఇద్దరూ పిన్ని, కూతురు అన్నంత దగ్గరయ్యారు. ఆనందీబాయికి తరచూ తలనొప్పి, జ్వరం, ఆయాసం. ఆ సంగతి విని ఆవిడ అమెరికా నుంచి మందులు పంపింది. గుణం కనిపించలేదు.

1883 ఫిబ్రవరిలో బెంగాల్‌లోని సేరంపూర్ కాలేజీ హాలులో ఆనందీబాయి నిలబడి మాట్లాడింది. ఇక్కడ చదవొచ్చు కదా అన్నవాళ్లకు ఆమె దగ్గర లెక్క ఉంది. ఆడవాళ్లను చేర్చుకునే వైద్య కళాశాల మద్రాసులో ఒక్కటే, మిగతాచోట్ల ఉన్నవి మంత్రసాని తరగతులు, అవీ అరకొర. హిందువుగా వెళ్లి హిందువుగానే తిరిగొస్తానని కూడా చెప్పింది. ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడ ఎక్కింది. భర్త వెంట లేడు. జూన్‌లో న్యూయార్క్ చేరి, రోసెల్‌లో కార్పెంటర్ ఇంట్లో దిగింది.

ఆ ఇంట్లోనే, జూన్ నెలాఖర్లో, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలకు అర్జీ రాసింది. ఇప్పుడు విదేశాలకు వెళ్లే మన పిల్లలు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటూ పదిమంది చేత దిద్దించుకుంటారు. పద్దెనిమిదేళ్ల ఈ పిల్ల ఏం రాసిందో చూడండి. ప్రవేశానికి మీరడిగే అర్హతలన్నీ నాకు లేవు, నా సంగతి వేరు కాబట్టి దయ చూపండి అంది. అయినవాళ్లనూ కులాన్నీ ఎదిరించి ఇంతదూరం వచ్చిన పట్టుదలే తన అర్హత అన్నట్టు రాసింది. మగవైద్యుడికి చూపించుకోవడం కన్నా చావే నయమనుకునే తన దేశపు ఆడవాళ్లకు వైద్యం చేయడానికి వచ్చానంది. తన ఆరోగ్యం బాగుందని కూడా రాసింది.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. కార్పెంటర్ పంపిన మందుల సంగతి ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు కదా! సీటు పోతుందన్న భయమో, గాలి మారితే తగ్గిపోతుందన్న ఆశో.

డీన్ రేచెల్ బాడ్లీ ఆమెను చేర్చుకుంది. మూడేళ్లకు 600 డాలర్ల సాయం కూడా దొరికింది. చలిదేశంలో చీరకట్టు, శాకాహారం వదలకుండా చదివింది. అక్కడే క్షయ ముదిరింది. అయినా పరీక్షలు ఆపలేదు. ప్రాచీన హిందువుల ప్రసూతి వైద్యం మీద సిద్ధాంత వ్యాసం రాసింది. సంస్కృత గ్రంథాలనూ అమెరికా పాఠ్యపుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని రాసింది. అర్జీలో ఏ ఆడవాళ్ల కోసమైతే సీటు అడిగిందో, ఆఖరి వ్యాసం కూడా వాళ్ల పురుళ్ల గురించే. 1886 మార్చి 11న ఎం.డి. పట్టా అందుకుంది. ఆ వేడుకకు పండిత రమాబాయి వెళ్లింది. విక్టోరియా రాణి అభినందన పంపింది.

కొల్హాపూర్ సంస్థానం తన ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల వార్డు అప్పగిస్తామంది. ఆ ఏడాది నవంబరులో ఆమె బొంబాయిలో దిగింది. అప్పటికే నడిచే ఓపిక లేదు. ఆ వార్డులో ఒక్క రోజూ పనిచేయలేదు. 1887 ఫిబ్రవరి 26న పుణేలో కన్నుమూసింది. ఇరవై రెండు నిండటానికి ఇంకా నెల ఉంది.

అస్థికలు కార్పెంటర్‌కు పంపారు. ఆవిడ వాటిని న్యూయార్క్ రాష్ట్రం పకీప్సీలో, తమ కుటుంబపు శ్మశానంలో ఉంచింది.