పావులూరి మల్లన

తూర్పు చాళుక్య ప్రభువైన రాజరాజ నరేంద్రుడు 1022 నుండి 1061 వరకు రాజమహేంద్రవరం రాజధానిగా వేంగీ దేశాన్ని పాలించాడు. ఆయన ఆస్థానంలో నన్నయభట్టు మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకున్నాడు. ఇతిహాసం తెలుగులోకి వచ్చిన ఆ శతాబ్దిలోనే గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో నిలిపిన ప్రతిభాశాలి పావులూరి మల్లన.

పావులూరు అనే గ్రామం పేరే ఆయన ఇంటిపేరయింది. రాజరాజ నరేంద్రుని వల్ల పిఠాపురం సమీపంలోని నవఖండవాడ ఆ వంశానికి లభించడంతో వారికి గోదావరి సీమతో అనుబంధం ఏర్పడింది.

పొలం కొలతకు, ధాన్యం పంపకానికి, వడ్డీ లెక్కకు గణితం అందరికీ అవసరమే. కాని ఆ శాస్త్రం సంస్కృత గ్రంథాలలో ఉండిపోయింది. లెక్క తెలియనివాడు తెలిసినవాని మాటనే నమ్మక తప్పదు. ఈ కొరతను తీర్చడానికి మల్లన పూనుకున్నాడు.

9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహాన్ని రచించాడు. మల్లన దానిని సారసంగ్రహ గణితమనే పేరుతో తెలుగు చేశాడు. అది యథాతథానువాదం కాదు. మహావీరుడు జైనుడు; మల్లన శివభక్తుడు. అందుచేత మూలంలోని జైన ప్రసంగాల స్థానంలో శైవ ప్రసంగాలను చేర్చాడు. ఉదాహరణలు మారినా గణిత సూత్రాలు మారలేదు.

మూలగ్రంథంలో ఒక లెక్క ఉంది. ఒక్కొక్క జినాలయానికి 139 పుష్యరాగాల వంతున 109 ఆలయాలకు ఎన్ని కావాలి? 109ని 100, 9గా విడదీసి గుణిస్తే 13,900, 1,251 వస్తాయి. వాటి మొత్తం 15,151. గుణకాన్ని ఇలా భాగాలు చేసే పద్ధతిని 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. నేటి పాఠాలలో దీనినే విభాగ న్యాయం అంటారు.

సమీకరణాల సాధనకూ ఇదే ఆధారం. మూడు గంపలలో కొబ్బరికాయలు సమానంగా ఉన్నాయి. ప్రతి గంపలో మరో 4 వేయగా మొత్తం 27 అయ్యాయి. గంపలోని తొలి సంఖ్యను, చేర్చిన నాలుగును విడివిడిగా మూడుతో గుణించాలి. తొలి సంఖ్యకు మూడు రెట్లు, 12 కలిసి 27. కనుక మూడు రెట్లు 15; తొలి సంఖ్య 5.

తాళపత్ర ప్రతులలో నిలిచిన మల్లన గ్రంథం పావులూరి గణితంగా ప్రసిద్ధి పొందింది. తెలుగులో లభించిన తొలి శాస్త్రగ్రంథాలలో అది ఒకటి. కావ్యానికే కాక శాస్త్రానికీ తెలుగు తగిన భాష అని నిరూపించిన కీర్తి మల్లనది.