కార్ల్ లిన్నేయసు

పేరు తెలియని వస్తువును గూర్చి ఇతరులతో మాటలాడుట కష్టము. ఒక పురుగును ఒక ఊరివారు ఒక పేరుతోను, పొరుగూరివారు మరియొక పేరుతోను పిలుచుచున్నప్పుడు, వారు చెప్పునది ఒకే పురుగును గూర్చియో, రెండు పురుగులను గూర్చియో తెలిసికొనుట ఎట్లు? దేశములు, భాషలు మారినకొలది ఈ చిక్కు మరింత పెరుగును. పదునెనిమిదవ శతాబ్దమున ఈ చిక్కును విడదీసి, జీవులన్నిటికిని క్రమమైన పేర్లు పెట్టు మార్గమును చూపిన మహనీయుడు కార్ల్ లిన్నేయసు. ఏనుగునకు ఆయన గ్రంథమున ఎట్టి స్థానము దొరకెనో, మంచుదేశపు ఈగకును అట్టి స్థానమే దొరకెను.

లిన్నేయసు 1707వ సంవత్సరము మే నెల 23వ తేదీన, స్వీడను దేశపు దక్షిణభాగమున స్మాలండు సీమలోని రోషుల్టు అను పల్లెయందు జన్మించెను. తండ్రి నీల్సు క్రైస్తవ మతాచార్యుడు. ఆ కుటుంబమునకు మొదట ఇంటిపేరు లేకుండెను. నీల్సు విశ్వవిద్యాలయమున చేరునప్పుడు ఇంటిపేరు కావలసివచ్చి, తమ పొలమునందలి లిండెన్ అను మహావృక్షమును బట్టి లిన్నేయసు అను పేరు పెట్టుకొనెను. లోకములోని జీవులకు పేర్లు పెట్టినవాని ఇంటిపేరు ఒక చెట్టునుండి వచ్చుట విశేషము.

నీల్సునకు పూలతోటపై మక్కువ యెక్కువ. బాలుడు తండ్రివెంట తోటలో తిరుగుచు, కనబడిన ప్రతి మొక్క పేరును అడుగుచుండెను, అడిగి మరచిపోవుచుండెను. మరచినచో ఇకమీదట క్రొత్త పేర్లు చెప్పనని తండ్రి కట్టడి చేసెను. నాటినుండి పేర్లను మనస్సున నిలుపుకొనుట బాలునకు అలవాటయ్యెను.

కుమారుడు తనవలెనే మతాచార్యుడు కావలయునని నీల్సు కోరిక. అందుకై అతనిని వేక్షో పట్టణపు పాఠశాలకు పంపెను. కాని బాలుని మనస్సు పుస్తకములకన్న పొలముగట్లపైననే యుండెను. మతవిద్యకు అతడు తగడనియు, ఏదైన చేతిపని నేర్పించుట మేలనియు 1726లో ఉపాధ్యాయులు తండ్రికి తెలిపిరి. తండ్రి ఎంతయో నొచ్చుకొనెను. ఆ సమయమున రోత్‌మన్ అను వైద్యుడు ఆ బాలునియందలి ప్రజ్ఞను కనిపెట్టెను. వైద్యశాస్త్రమున ఈతడు పైకి రాగలడని తండ్రికి ధైర్యము చెప్పి, తన యింట నుంచుకొని స్వయముగా పాఠములు చెప్పెను. ఆ పెద్దమనిషి దయ లేకున్నచో లిన్నేయసు జీవితము మరియొక త్రోవ పట్టియుండెడిది.

1728లో లిన్నేయసు ఉప్సలా విశ్వవిద్యాలయమున చేరెను. చేతిలోని స్వల్పధనము త్వరలోనే ఖర్చయిపోయెను. చిరిగిన పాదరక్షల అడుగున కాగితములు పెట్టుకొని నడచిన దినములు గలవు. ఆ కష్టదశలో అతనికి ఆర్టెడి అను సహాధ్యాయితో మైత్రి కలిగెను. మిత్రులిద్దరును ప్రకృతినంతటిని పంచుకొనిరి. చేపలు ఆర్టెడివి, పక్షులు, కీటకములు లిన్నేయసువి. ఇరువురిలో ఎవరు ముందు మరణించినను, మిగిలినవాడు చనిపోయినవాని పనిని పూర్తి చేయవలయునని ఒడంబడిక చేసికొనిరి. 1735లో ఆర్టెడి ఆమ్‌స్టర్‌డాము నగరపు కాలువలో పడి మరణించెను. లిన్నేయసు మాట తప్పక, మిత్రుని మత్స్యశాస్త్ర గ్రంథమును 1738లో ప్రచురించెను.

ఉప్సలాలో లిన్నేయసు వృద్ధుడైన రుడ్బెక్ ఆచార్యుని యింట నుండి, ఆయన బిడ్డలకు చదువు చెప్పుచుండెను. ఆ ఆచార్యుడు 1695లో స్వీడను ఉత్తరపుటంచున నున్న లాప్లాండుకు యాత్ర చేసినవాడు. అక్కడినుండి తెచ్చిన విశేషములలో చాలభాగము 1702లో ఉప్సలాను దహించిన అగ్నిలో కాలిపోయెను. అందువలన ఆ మంచుసీమలోని మొక్కలును పురుగులును పండితలోకమునకు మరల తెలియనివిగనే యుండిపోయెను. ఆ లోటును తాను తీర్పవలయునని లిన్నేయసు నిశ్చయించుకొని, ఉప్సలాలోని విజ్ఞానసంఘమునకు విన్నపము పంపెను. కోరినంత ధనము లభింపలేదు. అయినను అతడు వెనుదీయలేదు.

1732వ సంవత్సరము మే నెలలో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, లిన్నేయసు గుఱ్ఱమెక్కి ఒంటరిగా బయలుదేరెను. అతని సామాను ఒక చిన్న తోలుసంచిలో ఇమిడిపోయెను. ఒక చొక్కా, సిరాబుడ్డి, సూక్ష్మదర్శిని, దూరదర్శిని, దోమలనుండి ముఖమును కాపాడుకొనుటకు పలుచని ముసుగు, మొక్కలను ఆరబెట్టు కాగితములు, దినచర్య వ్రాయు పుస్తకము, ఇవియే అతని ఆస్తి.

సముద్రతీరము వెంట ఉత్తరమునకు సాగి, అటనుండి లిక్సెలె అను చోటు దాటి లోపలి ప్రదేశము చేరుటకు ప్రయత్నించెను. అప్పుడే మంచు కరగి నదులు పొంగియుండెను. నేలయంతయు బురదయై, అడుగు వేసిన మోకాలిలోతు దిగబడుచుండెను. అడుగున ఇంకను కరగని మంచు, పైన వర్షము. దారి చూపువాడు సహితము దారి తప్పెను. తినుటకు తగిన ఆహారము లేదు. తుదకు ఆ ప్రయత్నమును విడిచి లిన్నేయసు తీరమునకు మరలివచ్చెను. మరియొకడైనచో ఇంటికి పోయెడివాడే. అతడు మాత్రము మరింత ఉత్తరమునకు పోయి, లూలియో నదివెంట పర్వతప్రాంతమును చేరెను. అర్ధరాత్రమునందు గూడ సూర్యు డస్తమింపని ఆ సీమను దాటి, నార్వే సముద్రతీరమును చూచి, మరల పర్వతముల మీదుగా తిరిగి వచ్చెను.

లాప్లాండులో ఆనాడు సామీ జాతివారు రెయిన్‌డీర్ అను జింకల మందలను మేపుకొని జీవించుచుండిరి. వారి కూడును, గుడ్డయు, బండిని లాగు పశువును ఆ జింకయే యై యుండెను. లిన్నేయసు వారి గుడారములలో నిదురించి, వారు పెట్టిన చేపలను, జింకపాలను పుచ్చుకొనెను. పుస్తకములలో లేని సంగతులను ఆ కాపరులను అడిగి తెలిసికొని వ్రాసికొనెను. వేసవిలో వారు మందలను చల్లని కొండలపైకి ఎందులకు తోలుకొని పోవుదురో విచారింపగా, అందుకు ముఖ్యమైన కారణము కీటకములే యని తెలిసెను.

దోమల బాధ ఒక యెత్తు. జోరీగవంటి మరియొక ఈగ బాధ ఒక యెత్తు. ఆ ఈగ యొక్కటి మందలో ప్రవేశించినచో చాలును, వందలకొలది జింకలు బెదరి, మేత మాని, చెవులు నిక్కించి, కాళ్లు నేలకు కొట్టుచు పరుగులిడును. చిత్రమేమనగా, ఆ ఈగ కుట్టదు, కరవదు. ఆహారము తినుటకు దానికి తగిన నోరే లేదు. మరి ఈ భయమెందులకు? ఆడ ఈగ జింక వెండ్రుకలకు గ్రుడ్లను అంటించును. గ్రుడ్డునుండి వెలువడిన పురుగు చర్మమును తొలుచుకొని లోపల దూరి, వీపు చేరి, చలికాలమంతయు అక్కడనే పెరుగును. జింక వీపున కాయలవలె గడ్డలు లేచును. వసంతమున పురుగు చర్మమునకు రంధ్రము చేసికొని నేలపై రాలి, కొన్ని వారములకు ఈగయై ఎగిరిపోవును. జింక చిక్కిపోవును; చర్మము చిల్లులుపడి పనికిరాకపోవును. ఆ గడ్డలకును ఈ ఈగకును గల సంబంధమును లిన్నేయసు శ్రద్ధగా పరిశీలించి, స్వదేశమునకు మరలిన పిమ్మట వ్యాసము వ్రాసెను. గొప్పవారి కంటికి ఆనని ఒక ఈగ పేదకాపరుల బ్రతుకును ఎట్లు శాసించుచున్నదో లోకమునకు తెలిసెను.

అక్టోబరులో లిన్నేయసు ఉప్సలా చేరెను. ఈ యాత్రాఫలముగా 1737లో లాప్లాండు మొక్కలను గూర్చిన గ్రంథము వెలువడెను. ఆయనయందు లోపము లేకపోలేదు. యాత్రాదూరపు లెక్కలో తాను నడవని దారిని గూడ చేర్చెనని తరువాతి పరిశోధకులు తేల్చిరి. శాస్త్రమున సత్యమునకు కట్టుబడినవాడు లెక్కలయందును కట్టుబడియుండిన బాగుండెడిది.

1735లో లిన్నేయసు హాలండునకు పోయి వైద్యపట్టము పొందెను. ఆ సంవత్సరమే ప్రకృతివ్యవస్థ అను అర్థము గల పేరుతో ఆయన గొప్ప గ్రంథము వెలువడెను. మొదట అది కొలది పెద్దపుటల పుస్తకమే. తరువాతి ముద్రణములలో అది పెరిగి పెరిగి మహాగ్రంథమయ్యెను. 1758 నాటి పదియవ ముద్రణమునందు నాలుగువేలకు పైగా జంతుజాతులు చేరెను. వానిలో ఇంచుమించు సగము ఆయన కీటకములుగా భావించినవే.

ఇన్ని పురుగులను ఎట్లు విభజించుట? లిన్నేయసు వాని రెక్కలను చూచెను. పేడపురుగునకు పెంకువంటి రెక్కలు. మొక్కలపై వ్రాలు నల్లిజాతి పురుగులకు సగము గట్టివైన రెక్కలు. సీతాకోకచిలుకకు పొలుసుల రెక్కలు. తూనీగకు ఈనెల వలవంటి రెక్కలు. తేనెటీగకు పలుచని పొరవంటి రెక్కలు. ఈగకు, దోమకు రెండే రెక్కలు. పేనునకు రెక్కలే లేవు. ఇట్లు ఏడు తరగతు లేర్పడెను. రెక్కలు లేని సాలీడును గూడ ఆయన కీటకములతో చేర్చుట పొరపాటని తరువాతివారు దిద్దిరి. అయినను ఆయన పెట్టిన తరగతుల పేర్లలో పెక్కు నేటికిని వాడుకలో నున్నవి.

అంతకుముందు పండితులు ఒక్కొక్క జీవిని లాటిను భాషలో పెద్ద వాక్యమంత పేరుతో పిలుచుచుండిరి. లిన్నేయసు ప్రతి జీవికి రెండే పదముల పేరు పెట్టెను. మొదటి పదము మన ఇంటిపేరు వంటిది. రెండవది పిలుపుపేరు వంటిది. 1758లో తేనెటీగకు తేనెను మోయునది అను అర్థము గల పేరు పెట్టెను. అది మోయునది పూలరసమనియు, తేనెను తానే తయారుచేయుననియు గుర్తించి, 1761లో తేనెను చేయునది అని పేరు మార్చెను. కాని మొదట ప్రకటించిన పేరే నిలువవలయునను నియమమునుబట్టి నేటికిని పాతపేరే చెల్లుచున్నది. పేర్లు పెట్టినవానికి సహితము నియమము తప్పలేదు. లాప్లాండు జింకల ఈగకును 1758లోనే పేరు లభించెను.

1741లో లిన్నేయసు ఉప్సలా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయన విద్యార్థులను పొలములకు, అడవులకు గొనిపోయి పాఠములు చెప్పెడివాడు. సాయంకాలమున వారు టోపీలలో పూలు పెట్టుకొని, వాద్యములతో ఊరేగుచు ఊరు చేరెడివారు. ఆ శిష్యులు దేశదేశములకు పోయిరి. ఫాబ్రీషియసు అను శిష్యుడు గురువుగారి రెక్కల పద్ధతిని విడిచి, కీటకముల నోటిభాగములనుబట్టి వానిని విభజించి, దాదాపు పదివేల కీటకములకు పేర్లు పెట్టెను. కోనిగ్ అను మరియొక శిష్యుడు మన దేశమునకు వచ్చి, మొక్కలతోబాటు చెదపురుగులను గూడ పరిశీలించి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. ఉప్సలాలో వెలిగించిన దీపపు వెలుగు ఇట్లు గోదావరీ మండలమువరకు ప్రసరించినది.

అంత్యకాలమున పక్షవాతము లిన్నేయసును బాధించెను. వేలకొలది జీవులకు పేర్లు పెట్టిన ఆయన తుదకు తన పేరునే మరచెనని చెప్పుదురు. 1778 జనవరి 10వ తేదీన ఆయన ఉప్సలాలో కన్నుమూసెను. ఆయన సేకరించిన వస్తుజాలము ఇంగ్లండునకు చేరినది. అందలి మూడువేలకు పైగా కీటకములను లండనునందు నేటికిని భద్రపరచుచున్నారు.

లిన్నేయసు ప్రారంభించిన పని ఇంకను ముగియలేదు. ఇప్పటికి దాదాపు పదిలక్షల కీటకజాతులకు పేర్లు పెట్టబడినవి. పేరు లేనివి ఇంకను లక్షలు గలవు. ఆయన స్వదేశమైన స్వీడను, తన గడ్డపైనున్న జీవజాతులన్నిటిని గుర్తించుటకు 2002లో ఒక బృహత్ప్రయత్నమును ఆరంభించెను. ఎరుగని జీవిని చూచుటకు మంచుసీమలకే పోనక్కరలేదు. పెరటిగోడపై వ్రాలిన పురుగును నిదానించి చూచిన చాలును. దానికి రెక్కలెన్ని, అది ఏమి తినును, ఎచ్చట గ్రుడ్లు పెట్టును అని ప్రశ్నించుకొను బాలుడును, ఆ పురుగును గూర్చి ఎరిగిన రైతును అడిగి తెలిసికొను బాలికయు లిన్నేయసు నడచిన త్రోవలో మొదటి అడుగు వేసినవారే యగుదురు.