కుందేళ్లు చెప్పిన రహస్యము – ఎం. సి. చాంగ్ జీవితము

శుక్రకణము అండమును చేరినంతనే ఫలదీకరణము జరుగునని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మియుండిరి. క్షీరదముల విషయమున అది చాలదని నిరూపించిన వారిలో మిన్ చువె చాంగ్ ముఖ్యుడు.

ఆయన 1908లో చైనాలోని షాన్సీ రాష్ట్రమున ఒక పల్లెలో జన్మించెను. 1933లో సింగ్‌హువా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, విదేశవిద్యకై జరిగిన పోటీ పరీక్షలో నెగ్గి, 1938లో ఎడింబరో చేరెను. పిదప కేంబ్రిడ్జిలో పొట్టేళ్ల శుక్రకణములపై పరిశోధించి 1941లో డాక్టరు పట్టమునందెను. 1945లో అమెరికాలోని వూస్టర్ ప్రయోగాత్మక జీవశాస్త్ర సంస్థకు ఒక్క ఏడాదికై వచ్చెను. సంస్థ క్రొత్తది, ధనము స్వల్పము. చాంగ్ అచ్చటనే నివసించుచు రాత్రివేళ కావలి కూడ కాచెను. ఏడాదికై వచ్చినవాడు జీవితాంతము అచ్చటనే నిలిచెను.

గ్రెగరీ పింకస్ వద్ద గాజుపాత్రలో ఫలదీకరణము చేయు విధము నేర్చుటకే ఆయన వచ్చినది. కుందేలు విషయమున దీనిని సాధించితినని పింకస్ 1934లో ప్రకటించియుండెను. చాంగ్ ఎంత యత్నించినను ఫలితము రాలేదు. ప్రయోగము తప్పినచో విద్యార్థిని నిందించుట మనకలవాటు. చాంగ్ తన్ను తాను నిందించుకొనక, గురువును నిందింపక, శుక్రకణమునే పరీక్షింపబూనెను.

ఆడకుందేలు సంయోగమైన సుమారు 10 గంటలకు అండములను విడుచును. ఆ సమయముననే చాంగ్ శుక్రకణములను అండవాహికలో ఉంచి చూచెను. ఫలదీకరణము దాదాపు జరుగలేదు. కొన్ని గంటలు ముందుగా ఉంచినప్పుడు మాత్రము చక్కగా జరిగెను. అనగా, చురుకుగా ఈదుచున్న శుక్రకణమునకు సైతము యోగ్యత పుట్టుకతో రాదు; స్త్రీ జననేంద్రియములలో కొంతకాలము గడపిన పిమ్మటనే కలుగును. 1951లో ఆయన దీనిని ప్రకటించెను. అదే ఏట ఆస్ట్రేలియాలో సి. ఆర్. ఆస్టిన్ స్వతంత్రముగా ఈ సంగతినే కనుగొని, మరుసటి ఏడు దీనికి 'కెపాసిటేషన్' అని పేరిడెను. సామర్థ్యసిద్ధి యని మనమనవచ్చును.

దీనితో పింకస్ పాత ప్రకటన సందేహమునకు గురియయ్యెను. అయినను వారి సహకారము చెడలేదు. గర్భనిరోధక మాత్రకై ఇద్దరును కలిసి పనిచేసిరి. సంతానము వద్దనువారికిని, కావలెననువారికిని ఒకే ప్రయోగశాల దారి చూపుట వింతయే.

ఆ గంటలలో జరుగునదేమో తరువాతి పరిశోధనలు తెలిపినవి. మొదట కణపు పొరనుండి కొలెస్టరాల్ తొలగును. బైకార్బొనేటు లోనికి చొచ్చి ఒక ఎంజైమును మేల్కొల్పగా సైక్లిక్ ఏ.ఎం.పి. అను పదార్థము పుట్టును. దాని ప్రేరణచే మాంసకృత్తులకు ఫాస్ఫేటు చేరును. కాల్షియము ప్రవేశింపగా తోక కొరడావలె విసురుగా కొట్టుకొనును. శిరస్సునందలి చిన్న సంచి, అండపు పైపొరను ఛేదించు ఎంజైములతో, విచ్చుకొనుటకు సిద్ధమగును. ఈ యోగ్యత శాశ్వతము కాదు. వీర్యద్రవములో ఉంచిన పోవుననియు, తిరిగి గర్భాశయమున ఉంచిన మరల వచ్చుననియు 1957లో చాంగే చూపెను.

1959లో ఆయన ఆడకుందేళ్ల గర్భాశయములనుండి సిద్ధమైన శుక్రకణములను తీసి, గాజుపాత్రలో అండములతో కలిపి, ఫలించిన వానిని వేరు కుందేళ్లలో ప్రవేశపెట్టెను. ఆరోగ్యవంతములైన పిల్లలు పుట్టినవి. ఈసారి సందేహమునకు తావు లేదు. 1963లో ఆయన ప్రయోగశాలలోనే యానగిమాచి, గర్భాశయముతో పనిలేకయే, హామ్‌స్టర్ శుక్రకణములను గాజుపాత్రలోనే సిద్ధము చేసి అండములను ఫలింపజేసెను. మానవుల విషయమున యత్నించుటకు ధైర్యము కలిగించినవి ఇట్టి పనులే. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ జన్మించెను.

ఆ కృషికి రాబర్ట్ ఎడ్వర్డ్స్ 2010లో నోబెల్ బహుమానమునందెను. చాంగ్ 1991 జూన్ 5వ తేదీననే మరణించియుండెను. గతించినవారికి ఆ బహుమానమునీయరు.