సవర కొండల పంతులుగారు

మా పాఠశాలలో ఏ తరగతి పిల్లవాని నడిగినను, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడిన మహనీయులని తడుముకొనక చెప్పగలడు. ప్రతి సంవత్సరమును ఆగస్టు 29వ తేదీన వారి జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము గనుక ఆ మాత్రము తెలియుట వింత కాదు. కాని వారు తమ జీవితములో ముప్పదియైదేండ్లపాటు మన తూర్పుకనుమలయందు నివసించు సవరల భాషను నేర్చుటకును, దానికి వ్యాకరణమును కోశమును కూర్చుటకును వెచ్చించిరను సంగతి పెద్దలలో సైతము పలువురెఱుగరు. ఈ సంచికలో మేము వ్రాయదలచినది సభలలో వాదించిన పంతులుగారిని గూర్చి అంతగా కాదు. తమ వేడుకలను వెంబడించి కొండలెక్కిన పంతులుగారిని గూర్చి. వారి కథను గ్రాంథికభాషలో చెప్పుచున్నామని చదువరులు నవ్వవచ్చును. మా సంచిక సంప్రదాయ మట్టిది. పంతులుగారే యున్నచో ప్రతి వాక్యమునకును ఒక పేచీ పెట్టియే యుందురు.

శ్రీకాకుళమునకు ఉత్తరముగా ఇరువది మైళ్ల దూరమున, వంశధారా నదీతీరమున, పర్వతాలపేట యను గ్రామము కలదు. 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన పంతులుగారు అచ్చట జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఆ యేటి యొడ్డుననే శ్రీముఖలింగ క్షేత్రమును కలదు. దాని గోడలమీదను స్తంభములమీదను చెక్కియున్న అక్షరములను ఎన్నియో తరములవారు చూచిరి గాని చదువ యత్నించినవారు అరుదు. తండ్రిగారికి విశాఖపట్టణపు మండలములోని చోడవరమునకు బదిలీ అయ్యెను. చోడవరమునుండి మాడుగుల మీదుగా పాడేరు కొండలకు దారియున్నదని మా విద్యార్థులలో చాలమంది యెఱుగుదురు. అచ్చటనే 1875లో వీర్రాజుగారు స్వర్గస్థులైరి. బాలునకు అప్పటికి పండ్రెండేండ్లు.

తండ్రి పోయిన పిల్లవాని చదువు అంతటితో నిలిచిపోవుట ఆ కాలమున సామాన్యమైన సంగతి. ఈ బాలునకు విజయనగరములో మేనమామగారి యిల్లు ఆశ్రయమైనది. మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఆ దినములలో వారికి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఇరువురును ఒక యూరిలో చదివి, ముప్పదేండ్ల తరువాత ఒకే పక్షమున నిలిచి వాదించుట తెలుగునాటికి పట్టిన యదృష్టమని మా తలంపు.

1880లో, పదునేడేండ్ల వయస్సున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. మొదటి ఫారము పిల్లలకు చరిత్ర బోధించుట వారి పని. కుటుంబభారము మీద పడియుండగనే, పాఠములు చెప్పుకొనుచు, స్వయముగా చదువుకొని ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో నెగ్గిరి. క్రమముగా కళాశాల తరగతులకును బోధకులైరి. ఇంతవరకు చూచిన, ఇది పట్టుదల గల యే ఉపాధ్యాయుని జీవితమైనను కావచ్చును. వారిని వేఱు చేసినవి బడి గంట మ్రోగిన తరువాతి వేళలు.

చరిత్ర చెప్పువానికి చరిత్రయెక్కడనుండి వచ్చినదో తెలియవలెనను కోరిక వారికి కలిగెను. ముఖలింగమున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు గలవు. పంతులుగారు అచ్చటి శాసనముల లిపిని గురువు లేకయే స్వయంకృషిచే నేర్చుకొనిరి. ప్రాచీనమైన తామ్రశాసనములనుగూడ చదివి, తూర్పుగాంగరాజైన వజ్రహస్తుని నడగాము శాసనమును ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములలో ప్రకటించిరి. అది శకవర్షము 979, అనగా క్రీస్తుశకము 1057-58 నాటిది. గాంగులకు రాజధానియైన కళింగనగరము ఎచ్చటనుండెనని పండితులు తర్కించుచుండగా, అది ముఖలింగమేయని చెప్పినవారును వీరే. తాను పుట్టిన యేటియొడ్డున ఒక రాజ్యపు రాజధాని మరుగుపడియున్నదని కనుగొనుటకంటె చరిత్ర బోధకునకు వేఱు వేడుక యేమి కావలెను?

రెండవ వేడుక ఇంతకంటె కష్టమైనది. పర్లాకిమిడికి దాపుననే సవర కొండలు. ఆ వాలులను మెట్లు మెట్లుగా కోసి, రాతికట్టలు పేర్చి, సెలయేటి నీటితో వరి పండించు నేర్పు సవరలది. అట్టి పనివారు పట్టణమునకు వచ్చినచో వారి మాట వర్తకునకును తెలియదు, అధికారికిని తెలియదు. నడుమ నిలిచి మాట మార్చువాడు చెప్పినదే ధర, చెప్పినదే న్యాయము. పంతులుగారికి ఆ భాష నేర్చుకొనవలెననియు, ఆ పిల్లలకు చదువు చెప్పవలెననియు బుద్ధి పుట్టెను. తెలుగును సవరయును రెండును వచ్చిన యొకనిని తమ యింటనే యుంచుకొని మాట మాటకు అడిగి నేర్చుకొనసాగిరి. సవర పల్లెలకు తామును పోయివచ్చుచుండిరి.

ఆ భాష యెట్టిదో కొంచెము చెప్పనిదే వారి శ్రమ చదువరులకు బోధపడదు. సవరభాష తెలుగువలె ద్రావిడ భాష కాదు, ఒడియావలె సంస్కృతముతో చుట్టరికము గలదియు కాదు. అది ముండా కుటుంబములోనిది. కొన్ని హల్లులను పలుకునప్పుడు ఊపిరిని కంఠముననే చటుక్కున ఆపివేయుదురు. ఆ ఆపును తెలుగు లిపి చూపజాలదు. లెక్కించుట మఱియు వింత. మనకు పది యెట్లో వారికి పండ్రెండు అట్లు: పదుమూటిని పండ్రెండు-ఒకటి యందురు, పంతొమ్మిదిని పండ్రెండు-ఏడు అందురు. ఇరువదికి మరల క్రొత్త లెక్క. ముప్పదిమూడనగా ఇరువది-పండ్రెండు-ఒకటి. మా నాలుగవ ఫారము విద్యార్థులు ఈ పద్ధతిని తొంబదితొమ్మిది వరకు సాగించి చూడవచ్చును. క్రియలు నామవాచకములను మ్రింగివేయుట యింకొక చమత్కారము. పులిని కినా యందురు; కాని పులిని పట్టుదునని చెప్పునప్పుడు ఆ పేరు కిడ్ అని కురుచయై, పట్టు అను క్రియలో ఇమిడిపోయి, అంతయు ఒక్క మాటయగును. వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, వ్రాతయే లేదు. అడిగినవాడు సవరకు తన భాషలోని నియమము చెప్పలేడు. మనలో ఎందఱు తెలుగునకు చెప్పగలరు? పంతులుగారు యూరపులో క్రొత్తగా వెలువడుచున్న భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివి, వ్యాకరణము కట్టు విధమును వానినుండి గ్రహించిరి.

మన్యపు గాలి ఊరక పోనీయదు. కొండలయందు తిరుగుటచే వారికి మలేరియా జ్వరము తగిలెను. మా ప్రాంతమున పూర్వము మన్యజ్వరమని పేరు చెప్పిననే మైదానపు ఉద్యోగులు బదిలీకి అర్జీలు పెట్టుకొనుచుండిరి. జ్వరము తగ్గుటకు పుచ్చుకొన్న క్వినైను మితిమీరి, వారి చెవులను చెఱచెను. చెవుడు వచ్చెను; వచ్చినది పోలేదు. కంఠములోని చిన్న యాపును, దీర్ఘహ్రస్వముల నడిమి వాసిని చెవితోనే పట్టవలసిన విద్యయందు పనిచేయువానికి కలిగిన నష్టమిది. చిత్రకారునకు చూపు తగ్గుట వంటిది. అయినను పని మానలేదు. కుమారులైన సీతాపతిగారును ఆ భాషను నేర్చి తండ్రికి తోడ్పడిరి.

నేర్చినదానిని తమ బల్లలో దాచుకొనుట వారి స్వభావము కాదు. సవరభాషలో వాచకములను వ్రాసిరి. స్వంత సొమ్ముతో సవర పల్లెలలో బడులు పెట్టి, బోధించువారికి తామే జీతములిచ్చిరి. తమ జీతమెంతయో పైన చెప్పియున్నాము. అది తరువాత పెరిగినదే యైనను, సంసారి యొక్క సంచి లోతు ఎంతయని వేఱుగ చెప్పనక్కరలేదు. 1913లో ప్రభుత్వమువారు రావుబహద్దరు బిరుదమిచ్చి గౌరవించిరి. బిరుదము మంచిదే. కాని కొండలమీద బడులు నిలుచుటకు బిరుదములు చాలవు. ఒక్కని వ్యయముతో సాగు బడి ఆ యొక్కని శక్తియున్నంతవరకే యుండును. ఈ విషయమున ఆనాటి ప్రభుత్వము చేసినది చాలదనియే మా యభిప్రాయము.

ఇక వారి దృష్టి మారిన విధము. 1907 ప్రాంతమున ఉత్తరపు జిల్లాలకు జె.ఏ. యేట్సు దొరగారు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిరి. పిల్లలు ఇంటిలో ఒక తెలుగు మాటలాడి, బడిలో మఱియొక తెలుగు వల్లించుట చూచి ఆయన యాశ్చర్యపడి, కారణమేమని విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలగు పి.టి. శ్రీనివాస అయ్యంగారి నడిగిరి. అయ్యంగారు గురజాడ, గిడుగువారల పేరులు చెప్పిరి. అంతవరకు పంతులుగారికి ఈ ప్రశ్న యింత సూటిగా ఎదురుపడలేదు. అందఱివలెనే వారును పూర్వకావ్యములను ప్రీతితో చదివినవారే, పండితుల భాషను మన్నించినవారే. కాని ప్రశ్న ఎదుటికి వచ్చినప్పుడు వారికి సవర పిల్లవాడు జ్ఞప్తికి వచ్చియుండునని మేము తలంతుము. సవర బాలునకు సవరలోనే చెప్పిన పాఠము తలకెక్కుననుట వారు స్వయముగా పరీక్షించి చూచినది. మఱి తెలుగు బాలునకు అతని తెలుగులో ఏల చెప్పరాదు? కొండమీద నేర్చిన పాఠమును వారు మైదానమునకు తెచ్చిరి. నలువదినాలుగేండ్ల వయస్సున, పేరును స్థానమును సంపాదించిన తరువాత, ఇన్నాళ్లు నమ్మినదానిని మొదటినుండి తిరిగి పరిశీలించుట యందఱికిని సాధ్యము కాదు.

ఆ వాదము సంగతి పలువురకు తెలిసినదే గనుక దానిని కుదించి చెప్పుదుము. 1911లో ముప్పదేండ్ల కొలువు ముగించి విశ్రాంతి తీసికొనవలసినవారు, విశ్రాంతికి మాఱుగా ఊరూర తిరిగి ఉపన్యాసములిచ్చిరి. ఆ యేడే స్థాపింపబడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు ఎదురు నిలిచిరి. జయంతి రామయ్య పంతులుగారు ఆ పక్షమున ముఖ్యులు. పంతులుగారు ఊరక ఆవేశపడక, పూర్వకవుల ప్రయోగములనే గుట్టలుగా చూపి, వ్యాకరణ విరుద్ధమని పండితులు త్రోసివేయు రూపములు పెద్దల గ్రంథములలోనే యున్నవని నిరూపించిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను స్థాపించి కొంతకాలము నడపిరి. వారి వాదసరళియందు కొంత కారము లేకపోలేదు. ఎదుటి పక్షమువారును తెలుగును ప్రేమించినవారే యని మేము విస్మరింపము. కాని పిల్లల పక్షమున నిలిచినవారు రామమూర్తిగారే.

ఈ కలహముల నడుమను సవర కాగితములు మూలపడలేదు. సవర వ్యాకరణమును ఇంగ్లీషున వ్రాయగా 1931లో మదరాసు ప్రభుత్వమువారు అచ్చువేసిరి. 1934లో కైజర్-ఇ-హింద్ పతకము లభించెను. సవర-ఇంగ్లీషు కోశము 1938లో వెలువడెను. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు. ఆ యేడే ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి.

వీనికి నడుమ ఒక దుఃఖము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరెను. తెలుగువారు మిక్కిలిగా నున్న ఆ పట్టణము తెలుగునాటనే యుండవలెనని పంతులుగారు కృషిచేసిరి. ఆ కృషి ఫలింపలేదు. ఏబదియాఱేండ్లు కాపురమున్న యూరిని విడిచి, రాజమహేంద్రవరము చేరిరి. తాము జీవితమంతయు సేవించిన సవర కొండలలో పెద్దపాలు ఆవలి రాష్ట్రములోనికి పోయినవి. భాష ఒకటి, దానిని మాటలాడు జనమును పాలించు ప్రభుత్వములు రెండు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులకు వాడుకభాషను గూర్చి తుది విన్నపము చేసి, వారము దినములకు, 22వ తేదీన, వారు కన్నుమూసిరి.

సవర భాష వ్రాతయొక్క కథ వారితో ముగియలేదు. సెరంగో మొదలగు చోట్ల పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషనువారు రోమను అక్షరములను వాడిరి. 1936లోనే మంగై గొమాంగో అను సవర పెద్ద తన జాతికి సొరంగ్ సొంపెంగ్ అను ప్రత్యేక లిపిని కల్పించెను. అదియు నేటికిని వ్యవహారమున నున్నది. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు సవర, కొండ, కువి మున్నగు భాషలలో తెలుగు లిపితో మొదటి తరగతుల వాచకములు వేయించిరి. పంతులుగారు స్వంత జీతముతో మొదలిడిన పని ప్రభుత్వపు పద్దులోనికి ఎక్కుటకు సుమారు నూఱేండ్లు పట్టినది.

సవరకు సమీపబంధువైన భాష మన యరకు ప్రాంతమునను కలదు. గదబలలో కొందఱు మాటలాడు గుతోబు అదే ముండా కుటుంబములోనిది. సంతలో గదబ ముదుసలి యొకతె తన మనుమనితో ఆ భాషలో మాటలాడుచుండగా, మనుమడు తెలుగులోనో ఆదివాసి ఒడియాలోనో బదులు చెప్పుట మేము పలుమాఱులు విన్నాము. మా పై తరగతులలో ఆ మాటలు వచ్చిన విద్యార్థులు కొందఱున్నారు. వారు ఒక నోటుపుస్తకము తీసికొని అవ్వ యొద్ద కూర్చుండి, ఒకటి మొదలు ఇరువది వరకు లెక్కను, ఇంటిలోని సామానుల పేరులను, చెట్ల పేరులను వ్రాసికొని తెచ్చినచో, వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.