సత్యమునకై ప్రాణమిచ్చిన జాన్ హస్

ఇంట నొక భాషయు, వీథిలో వేఱొక భాషయు వినుచు పెరుగు మన బాలబాలికలకు, ఆఱువందల యేండ్లకు పూర్వము ఐరోపా ఖండమున జీవించిన యొక క్రైస్తవ గురువు చరిత్రమును చెప్పదలచితిమి. ఆయన పేరు జాన్ హస్. ఆ మహనీయుని జీవితమున మనము మెచ్చదగినదియు గలదు, మనల నాలోచింపజేయునదియు గలదు.

నేటి చెక్ దేశమునకు పూర్వము బొహీమియా యని పేరు. ఆ దేశపు దక్షిణభాగమున హుసినెత్స్ అను గ్రామమున సుమారు 1370లో హస్ ఒక బీదకుటుంబమున జన్మించెను. ఊరిపేరే ఆయన పేరయ్యెను. ప్రేగ్ నగరపు విశ్వవిద్యాలయమున చదివి, 1396లో ఎం.ఏ. పట్టమునొంది, అచటనే ఉపాధ్యాయుడయ్యెను. 1400లో గురుపట్టమును స్వీకరించెను.

ఆ కాలమున పశ్చిమ ఐరోపా దేవాలయములలో ఆరాధన లాటిన్ భాషయందు జరుగుచుండెను. రైతులకును, చేతిపనివారికిని ఆ భాష తెలియదు. జనులకు వారి చెక్ భాషయందే ధర్మబోధ గావించుటకై ప్రేగ్ నగరమున 1391లో బెత్లెహేము మందిరము స్థాపింపబడెను. అందు సుమారు మూడువేలమందికి చోటు గలదు. 1402లో హస్ అచట బోధకుడుగా నియమింపబడెను. ఆయన ప్రసంగములను వినుటకు పామరులును, పండితులును, రాణి సోఫియాయును వచ్చుచుండిరి. చెక్ భాషలోని ధ్వనులకు లాటిన్ లిపి చాలకుండుటచే, అక్షరములపై గుర్తులుంచి వ్రాయు పద్ధతిని బోధించు గ్రంథమొకటి ఆయన రచనయేయని పండితులు పెక్కురు తలచుచున్నారు.

గురువుల ధనాశను, సంఘపదవుల విక్రయమును హస్ నిర్భయముగ ఖండించెను. ఆంగ్లదేశపు పండితుడగు జాన్ విక్లిఫ్ గ్రంథములు ఆయనకు మార్గము చూపెను. సంఘమునకు శిరస్సు క్రీస్తే యనియు, దుర్మార్గమున నడచు అధికారి నిజమైన అధికారి కాజాలడనియు ఆయన భావము.

ఇచట నొక సంగతి దాచరాదు. ప్రేగ్ విశ్వవిద్యాలయమున బొహీమియావారును, పరదేశీయులును గలిసి నాలుగు వర్గములుగ నుండిరి. వర్గమున కొక ఓటు. 1409లో రాజు వెంచెస్లాస్ బొహీమియావారికి మూడు ఓట్లును, తక్కిన మూడు వర్గములకు గలిపి ఒక్క ఓటును ఇచ్చెను. హస్ దీనిని సమర్థించెను. జర్మను అధ్యాపకులును, విద్యార్థులును పెద్దసంఖ్యలో నగరము విడిచిపోయిరి. వారిలో కొందఱు లైప్‌సిగ్ నగరమున వేఱొక విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. హస్ ప్రేగ్‌లో రెక్టరు పదవి నధిష్ఠించెను. స్వభాషాభిమానము గొప్పగుణమే. కాని యది పొరుగువాని చోటును హరింపరాదు. అల్పసంఖ్యాకులమై జీవించు మనకు, ఆనాడు మూట గట్టుకొని వెడలినవారి బాధ తెలియనిది కాదు.

ఆ దినములలో పోపు పదవికి ముగ్గురు పోటీపడుచుండిరి. వారిలో నొకడగు ఇరువదిమూడవ జాన్, నేపుల్సు రాజుపై యుద్ధమునకై పాపశిక్షను తగ్గించు క్షమాపత్రములను అమ్మించెను. 1412లో హస్ దీని నెదిరించెను. రాజు ఆదరణ తగ్గెను. నిరసన తెలిపిన ముగ్గురు యువకులకు శిరచ్ఛేదము జరిగెను. తన నిమిత్తము నగరమంతట ఆరాధనలు నిలుపబడకుండుటకై హస్ ప్రేగ్ విడిచి పల్లెల కేగి, చెక్ భాషలో గ్రంథములు రచించెను.

1414లో కాన్‌స్టెన్స్ నగరమున సంఘమహాసభ సమావేశమయ్యెను. సిగిస్మండ్ రాజు అభయపత్ర మొసగగా హస్ నవంబరు 3న అచటికి చేరెను. ఆ నెల ముగియకముందే ఆయనను చెఱయందుంచిరి. ముప్పది దోషములను ఆరోపించి, వానిని విడిచితినని ఒప్పుకొమ్మనిరి. అందు కొన్ని ఆయన యెన్నడును చెప్పినవి కావు. చెప్పనిదానిని విడిచితిననుట, చెప్పితినని యబద్ధమాడుటయే యగును. ఒక్క యబద్ధముతో ప్రాణము దక్కియుండెడిది. ఆయన యా యబద్ధ మాడలేదు. 1415 జులై 6న ఆయనను సజీవముగ దహించి, భస్మమును రైన్ నదిలో గలిపిరి.

అనుచరులు ఊరకుండలేదు. 452 మంది ప్రభువులు ముద్రలు వేసి నిరసనపత్రము పంపిరి. 1419 నుండి 1434 వఱకు యుద్ధములు సాగెను. తుదకు హస్ పక్షమువారే రెండుగ చీలి పోరాడుకొనిరి. ఆ రక్తపాతమునకు విసిగిన కొందఱు 1457లో శాంతివ్రతముతో సహోదరసంఘమును స్థాపించిరి. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయశిక్షణ పొందునాడు శ్రద్ధగ చదివిన విద్యావేత్త కొమీనియస్ (1592–1670) ఆ సంఘపు బిషప్పే. బాలురకు మొదటిచదువు మాతృభాషలో జరుగవలెనని ఆయన బోధించెను. ఇట్లు బెత్లెహేము మందిరమున వెలిగిన దీపము బడి గదిలోనికి వచ్చినది.

1999లో రెండవ జాన్‌పాల్ పోపు హస్ మరణమునకు గాఢవిచారమును వెల్లడించెను. చెక్ దేశమున జులై 6 జాతీయ సెలవుదినము. విద్యార్థులారా! మన భాషను ప్రేమింతము, ఇతరుల భాషను గౌరవింతము. ఏ భాషలో మాటలాడినను నిజమునే మాటలాడుదము.