సర్ ఆర్థర్ కాటన్ దొరగారి దినచర్యలో దేవుడు



మన సంఘములో షిఫ్టు డ్యూటీలు చేసే కుటుంబములు ఎక్కువ. కొందరు ఓడరేవులో, కొందరు ఉక్కు కర్మాగారములో పని చేస్తున్నారు. గృహదర్శనమునకు వెళ్లినప్పుడు వారి నోట తరచు వినే బాధ ఒకటే. పని చూసుకుంటే ప్రార్థన కుదరడము లేదని, ప్రార్థనకు కూర్చుంటే పనే కళ్ల ముందు తిరుగుతున్నదని. ఒక సహోదరుడు రాత్రి షిఫ్టు దిగి వచ్చి, బైబిలు తెరిచి, దాని మీదనే తలవాల్చి నిద్రపోయానని సిగ్గుపడుతూ చెప్పాడు. ఆయనకు ఆ రోజు నేను సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఈ శతవార్షిక సంచికకు వ్యాసము వ్రాయమని అడిగినప్పుడు ఆ సహోదరుడే నాకు గుర్తుకు వచ్చాడు. వెంటనే కాటన్ దొరగారు గుర్తుకు వచ్చారు.

కాటన్‌గారు పాదిరి కాదు. సైన్యములో ఇంజనీరు. గోదావరి జిల్లాలలో ఆయన పేరు తెలియని ఇల్లుండదు. కాని గోదావరికి పోకముందు ఆయన మన విశాఖపట్నములో కాపురమున్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

1803 మే 15వ తేదీన ఇంగ్లండులో పుట్టారు. పదకొండు మంది అన్నదమ్ములలో పదవవారు. పదునెనిమిదేళ్ల వయసులో, 1821లో, మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి మన దేశమునకు వచ్చారు. బర్మా యుద్ధములో పాల్గొన్నారు. సైనికోద్యోగములోని ఆ యౌవనదశలోనే ఆయన పేరుకు మాత్రమే కాక హృదయపూర్వకముగా క్రైస్తవుడయ్యారు. ఉద్యోగము విడిచి మిషనరీ కాలేదు. ఉద్యోగములోనే ఉండి, చేతిలో ఉన్న పనినే దేవుని ఎదుట చేయడము నేర్చుకున్నారు. నా మట్టుకు నాకు ఆయన జీవితములో అన్నిటికంటె విలువైన సంగతి ఇదే.

ఆయన మొదట పేరు తెచ్చుకున్నది తమిళదేశములో. 1836లో కొల్లిడం నది మీద ఆయన కట్టించిన ఆనకట్టలు తంజావూరు పొలములను కాపాడినవి. అక్కడ ఆయన దేశీయుల దగ్గర ఒక పాఠము నేర్చుకున్నారు. కావేరి మీద చోళుల కాలపు కల్లణై వందల సంవత్సరములుగా నిలిచి ఉన్నది. అడుగు దొరకని ఇసుకలో పునాది ఎట్లా నిలపాలో ఆ పూర్వులే తమకు నేర్పారని ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నారు. పాలించే జాతికి చెందిన అధికారి ఆ కాలములో అంత మాట ఒప్పుకోవడము చిన్న విషయము కాదు. (ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానము చెప్పినప్పుడల్లా కాటన్‌గారు గుర్తుకు వచ్చి నాకు నవ్వు వస్తుంది. ఈయన జీవితమంతా ఇసుక మీదనే కట్టారు!)

అంత పేరు వచ్చిన తరువాత ఒళ్లు చెడింది. ఎండలలో తిరిగి తిరిగి జబ్బుపడి సెలవు మీద ఆస్ట్రేలియా, టాస్మేనియా వెళ్లవలసి వచ్చింది. అక్కడే 1841లో ఎలిజబెత్ లెర్మాంత్‌గారిని వివాహము చేసుకున్నారు. పసిబిడ్డతో తిరిగి వచ్చినప్పుడు ఆయనకు దొరికినది విశాఖపట్నము. కొల్లిడం పనులు చేసిన మనిషికి అది చిన్న పనే. సముద్రము ఊరిని కోసివేస్తుంటే ఆపడము ఆ పని. సముద్రములోనికి చొచ్చుకుపోయే రాతి గట్లు వేయించి కోతను తగ్గించే ప్రయత్నము చేశారు. ఇక్కడ ఉన్న రోజులలోనే ఒక దేవాలయము కూడా కట్టించారు. తనకు తగిన పని కాదని కూర్చోలేదు. సముద్రపు కోత ఆయనతో తీరిన సమస్య కాదని మన ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. 1933లో రేవు తెరచిన తరువాత కూడా, తవ్వి తీసిన ఇసుకను తెచ్చి తీరమున పోయవలసి వచ్చింది.

అప్పటి గోదావరి సీమ సంగతి తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. 1832–33లో నందన కరువు, దానినే డొక్కల కరువు అంటారు. 1839లో కోరింగ మీద ఉప్పెన. 1821లో ఆ జిల్లాలో 7 లక్షల 38 వేల జనమున్నారు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు మిగిలారు. పక్కనే నిండు గోదావరి సముద్రములో కలిసిపోతూ ఉన్నది! 1844లో కాటన్‌గారు ఆ సీమ తిరిగి చూచి నివేదిక వ్రాశారు. కంపెనీవారికి ప్రజల ఆకలి చెబితే చాలదు, శిస్తు ఎంత పెరుగుతుందో లెక్క చూపాలి. ఆయన ఆ లెక్క కూడా చూపించారు. దీనిని తప్పుపట్టేవారున్నారు. పరాయి ప్రభుత్వపు ఖజానాకు పని చేశాడనడము అబద్ధమూ కాదు. అయినా ఆ లెక్క వెనుక ఎండిన డొక్కలు ఆయనకు కనబడుతూనే ఉన్నవని నేను నమ్ముతాను.

1847లో ధవళేశ్వరము దగ్గర పని మొదలైంది. నది అక్కడ నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము పాయల మీద కలిపి రెండు మైళ్లకు పైగా రాతి కట్ట కట్టాలి. రాయి దగ్గర కొండలోనిదే. వేలమంది కూలీలు చేరారు. అడిగినంతమంది ఇంజనీర్లను పైవారు ఇవ్వలేదు. వీణం వీరన్నగారు కుడిభుజముగా నిలిచి కూలీలను కూడగట్టారు. నరసాపురములో పరిచర్య చేస్తున్న బౌడెన్, బీర్ దొరల మిషనువారు ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1848లో, పని సగములో ఉండగా, కాటన్‌గారి ఆరోగ్యము మళ్లీ కూలింది. గోదావరి వరద ఎవరి కోసము ఆగదు. కట్టిన కట్ట కొట్టుకుపోతే తన పేరూ పోతుంది. అటువంటి సమయములో ఆయన బాధ్యతను కెప్టెన్ ఓర్ అనే మరొక ఇంజనీరు చేతిలో పెట్టి సెలవు మీద వెళ్లారు. రెండేళ్ల దాకా తిరిగి రాలేదు. పని ఆగలేదు. ఆయన వచ్చిన తరువాత 1852లో పూర్తయింది.

మనలో ఒక్క పూట సెలవు పెట్టడానికి భయపడేవారున్నారు. నేనూ అందులో వాడినే. ఒకసారి జ్వరముతో మూడు ఆదివారములు మంచము మీద ఉండి, సంఘము ఏమైపోతుందోనని కుమిలిపోయాను. లేచి వెళ్లి చూస్తే సంఘము బాగానే ఉన్నది. పెద్దలు నాకంటె చక్కగా ఆరాధన జరిపించారని తరువాత తెలిసింది. సంతోషము కంటె ముందు చిన్నతనము కలిగిందని ఒప్పుకుంటున్నాను. పని తనది అనుకున్నవానికి విశ్రాంతి లేదు. పని దేవునిదని ఎరిగినవాడు మంచము మీద కూడా పని విడిచినవాడు కాడు. బైబిలు మీద తలవాల్చిన ఆ సహోదరునికి నేను ఈ సంగతి చెప్పి ఉండవలసినది.

1860లో ఉద్యోగము విరమించారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. రైళ్లకంటె కాలువలే ఈ దేశమునకు మేలని కడవరకు వాదించారు. 1878లో పార్లమెంటు విచారణ సంఘము ఆయనను నిలదీసినప్పుడు కూడా వెనుకకు తగ్గలేదు. ముక్కుసూటి మనిషి, పైవారితో సఖ్యత తక్కువ. ఆయన పెద్ద కుమార్తె, తరువాత లేడీ హోప్‌గా సువార్త పనిలో పేరుపొందినామె, 1900లో తండ్రి జీవితచరిత్రను ప్రచురించారు.

కోనసీమలో నేటికీ ఆయన పటము పెట్టుకునే రైతులున్నారు. గోదావరి స్నానము చేస్తూ ఆయనను తలచుకునే బ్రాహ్మణులున్నారు. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. మన ఉక్కునగరమునకు ఏలేరు కాలువ ద్వారా గోదావరి నీరు కూడా వస్తున్నదని అక్కడ పనిచేసే సహోదరులకు తెలిసినదే.

డార్కింగ్ అనే ఊరిలో ముసలితనము గడిపారు. డెబ్బై దాటిన తరువాత అరబ్బీ భాష నేర్చేవారి కొరకు చిన్న వాచకము ప్రచురించారు. నేలను లోతుగా దున్నితే కొద్దిచోట ఎక్కువ గోధుమ పండుతుందని నమ్మి, ఇంటి తోటలోనే మళ్లు త్రవ్వించి పండించి చూచారు. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారు సంవత్సరముల వయసులో, ప్రభువునందు నిద్రించారు.